మామ్మ గీసిన గీత

మూడేళ్ళ క్రితం ఉగాదినాడు సుంగై పెటానిలో ఒక మిత్రుల ఇంట భోజనాలయ్యేక, ఆ ఇంటాయన మా దంపతులిద్దర్నీ వరండాలోకి పిలిచేరు. "డాక్టరుగారూ, మీ మాటంటే మా అమ్మాయికి గురి. కాస్త నచ్చచెప్పండి" అన్నారు. అమ్మాయి కౌలాలంపూరులో చిత్రకళ చదువుతోంది. రెండో సంవత్సరం. ఆ చదువు మానిపించి ఫార్మసీలో చేర్పించాలని ఆయన పట్టుదల. (ఆ కుటుంబం అనుమతితోనే ఇదంతా రాస్తున్నాం. పేర్లు మాత్రం వద్దన్నారు.)

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. తాతగారు శ్రీకాకుళం జిల్లానుంచి కంగాణీ వెంట రబ్బరు తోటకి వచ్చిన మనిషి. తల్లి ముప్పయ్యేళ్ళు ఎస్టేటులో పనిచేసింది. ఆయన ఇక్కడి ఫ్యాక్టరీలో సూపర్వైజరు. నాలుగో తరానికి ఒక తెల్లకోటు రావాలని ఆశపడటం నేరమా? మా ఇంట్లోనూ నాలుగేళ్ళ కుర్రాడి మెడలో బొమ్మ స్టెతస్కోపు వేసి ఫోటోలు తీసుకున్నవాళ్ళమే మేమూ.

సరేనని అమ్మాయిని కూర్చోబెట్టి అడిగేం. ఆమె తన స్కెచ్చి పుస్తకాలు తెచ్చి మా ముందు పెట్టింది. చెయ్యి అద్భుతంగా తిరుగుతుంది. ఊళ్ళోని 1936 నాటి గడియార స్తంభం, జెరై కొండ, జపాను కార్టూను పిల్లలు, పికాసో మాదిరి ముఖాలు, ఏది కావాలంటే అది. మేము మెచ్చుకోబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. "మా టీచరు ఇవన్నీ చూసి, బాగున్నాయి, కాని ఇందులో నువ్వు ఎక్కడున్నావు అని అడిగేరు ఆంటీ. నాకు జవాబు తెలీలేదు. నాన్న మాన్పించక్కర్లేదు, నేనే మానేద్దామనుకుంటున్నాను" అంది.

మా వృత్తిలో ఈ బెడద లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కాపీ కొట్టడమే రోగికి క్షేమం. "ఈ వైద్యంలో నేనెక్కడున్నాను" అని అడిగే డాక్టరు దగ్గరకి మేమైతే వెళ్ళం. కాని ఆ పిల్ల మొహం చూసేక, నచ్చచెప్పడానికి వచ్చినవాళ్ళం ఆ సంగతే మరచిపోయేం. మాకు తెలిసిన ఒకే ఒక్క చిత్రకారుడి కథ చెప్పేం.

మేము రాజమండ్రి వాళ్ళం. కాకినాడలో డాక్టరీ చదువుకున్నాం. చిన్నప్పుడు బడినుంచి దామెర్ల రామారావు ఆర్టు గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. అప్పుడు ఐసుఫ్రూటు మీద ఉన్న ధ్యాస బొమ్మలమీద లేదు. పెద్దయ్యేక అర్థమయింది ఆయన సంగతి. దామెర్ల 1897లో రాజమండ్రిలో పుట్టేరు. ఆ రోజుల్లో బొమ్మలంటే గోడలకి వేలాడే రవివర్మ అచ్చులే. వాటిని చూసి గీయగలిగితే గొప్ప. రాజమండ్రి ఆర్ట్సు కాలేజీకి 1909లో ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, కవి. ఆయన ఈ కుర్రవాణ్ణి, అడివి బాపిరాజుగారి వంటి మరికొందరినీ చేరదీసేరు. అజంతా ఎల్లోరాలు చూపించేరు. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల 1916లో బొంబాయి జె.జె. స్కూల్లో చేరేరు. అక్కడ చదువు ముగించేక మళ్ళీ రాజమండ్రికే వచ్చి, 1923లో చిత్రకళాశాల పెట్టేరు. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా కుంచె పట్టినవారే. ఇంట్లో ఆడవాళ్ళు బొమ్మలు వేయడం నూరేళ్ళ కిందటే మన వైపు ఉందని ఆ తండ్రి చెవిన పడేలా కాస్త గట్టిగానే చెప్పేం.

తూర్పు కనుమల మధ్య గోదావరిని ఆయన గీసిన తీరు చూస్తే, ఆ నది ఒడ్డున పెరిగినవాళ్ళకి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయేరు. ఇరవయ్యెనిమిదేళ్ళు నిండలేదు. జెన్నరు టీకా కనిపెట్టి అప్పటికే నూట పాతికేళ్ళు దాటింది! ఇండియాలో చివరి మశూచి కేసు 1975లో. 1980లో ప్రపంచంలోనే ఆ జబ్బు లేదని ప్రకటించేరు. ఈ లెక్కలు ఎప్పుడు వేసుకున్నా మాకు మనసు వికలమవుతుంది. ఆయన మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆ తరవాత చిత్రకళాశాలనీ, బొమ్మలనీ కాపాడుకొచ్చేరు కాబట్టి ఈనాడు చూడగలుగుతున్నాం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత మేము చేసినదే తెలివితక్కువ పని. "చూసేవా, ఆయన మన గోదావరిని గీసేరు, నువ్వూ మన సంస్కృతి గియ్యి" అని ఉపదేశించేం. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు కలంకారీ పుస్తకాలూ, కొండపల్లి బొమ్మలూ, గోదావరి పుష్కరాల ఫోటోలూ మోసుకొచ్చి ఇచ్చేం. పాపం ఆ పిల్ల ఆరు నెలలు శ్రమపడి గోదావరి గీసింది. నీళ్ళున్నాయి, పడవలున్నాయి, కొండలున్నాయి. పుట్టి బుద్ధెరిగి ఆ నదిని చూడలేదు కదా, బొమ్మ క్యాలెండరులా ఉంది. అదీ కాదని బుజాంగ్ లోయకి తీసుకెళ్ళేం. మెర్బోక్ మ్యూజియం దగ్గర రాళ్ళ కట్టడాల మధ్య నిలబెట్టి, వెయ్యేళ్ళ కిందటే మనవాళ్ళు ఓడలెక్కి ఇక్కడికొచ్చేరని ఉపన్యాసం ఇచ్చేం. మర్యాదగా విని, రెండు రాళ్ళు గీసి, పుస్తకం మూసేసింది.

కూల్డ్రే దొర తన ఇంగ్లండు గీయమని శిష్యులకి చెప్పలేదన్న సంగతి మాకు తట్టనే లేదు. మాకు గుర్తొచ్చే ఊరు ఆ పిల్లకి గుర్తు రావాలని పట్టుబట్టేం. ఇది చదివే తల్లిదండ్రుల్లో కొందరైనా మాలాంటివారు ఉంటారు కాబోలు.

మార్గం చూపించినది వాళ్ళ మామ్మ. ఆవిడ కుడిచేతి మణికట్టు నొప్పికి మా దగ్గరకే వచ్చేవారు. బొటనవేలి మొదట్లో గట్టిపడిన కాయ, చూపుడువేలు కొంచెం వంగి ఉండటం, అన్నీ కత్తి పట్టిన గుర్తులే. ఒకనాడు మనవరాలు తోడు వచ్చింది. చెయ్యి చూస్తూ మేము "ఏం పనిచేసేవారు మామ్మగారూ?" అంటే, ఆవిడ నవ్వి "గీసీదాన్ని బాబూ. రోజూ నాలుగైదొందల చెట్లు గీసీదాన్ని" అన్నారు.

కల్లుకి తాడిచెట్టు గీసినట్టే పాలకి రబ్బరు చెట్టు గీయడం. బొమ్మ గీయడమూ ఆ మాటే. మేము పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న తెలుగులో ఈ సంగతి మాకెప్పుడూ తోచలేదు. మలాయి బడిలో చదివిన ఆ పిల్ల మాత్రం తలెత్తి మామ్మ వేళ్ళవంక చూసింది.

ఆ తరవాతి సెలవుల్లో మామ్మా మనవరాలూ బాలింగ్ వైపు తెలిసినవారి చిన్న తోటకి వెళ్ళేరు. ఎస్టేట్లు చాలామటుకు పామాయిలుకి మారిపోయేయి గాని, అటువైపు చిన్న రైతులు ఇంకా రబ్బరు గీస్తున్నారు. తెల్లవారకముందే వెళ్ళాలి. ఎండెక్కితే చెట్టులో ఒత్తిడి తగ్గి పాలు సరిగా కారవు. మలాయిలో పిసావ్ తోరే అనే ఆ వంపు కత్తితో పలచని పొర తీయాలి. లోతు తక్కువైతే పాలు రావు, ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చెట్టుకి గాయం, మళ్ళీ ఆ చోట బెరడు సాఫుగా రాదు. మా సర్జరీ ప్రొఫెసరుగారు కూడా ఇంత కచ్చితంగా చెప్పలేదు. డెబ్బయ్యేళ్ళు దాటిన ఆ చెయ్యి, మా దగ్గర మాత్రలు తీసుకునే చెయ్యి, కత్తి అందుకోగానే వణకలేదట.

ఆ పిల్ల తిరిగొచ్చి కుంచె పక్కన పెట్టింది. లినోలియం పలక మీద ఉలితో చెక్కి అచ్చు తీసే పద్ధతి పట్టుకుంది. అందులో చెక్కిన చోట సిరా అంటదు, కాగితం మీద ఆ గీత తెల్లగా మిగిలిపోతుంది. నల్లటి చీకట్లో నల్లటి చెట్లు, వాటిమీద తెల్లటి కోతలు. వేరే రంగుతో పని లేదు. నిజాంపూరునుంచి బరోడా వెళ్ళిన లక్ష్మాగౌడ్ గారూ, బూరుగుపల్లినుంచి వెళ్ళిన వైకుంఠంగారూ, ఇద్దరూ కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకుని, చివరికి తమ ఊరి మనుషుల్నే గీసేరని ఈమధ్య మేము చదివి ఆమెకి చెప్పబోయేం. "తెలుసు అంకుల్" అంది. ఇక మేము చెప్పవలసిందేమీ లేదని బోధపడింది.

పోయిన నెల చివరి సంవత్సరం ప్రదర్శనకి పంపబోయే ముందు, పెద్ద అచ్చు ఒకటి ఇంటికి తెచ్చి హాల్లో పరిచింది. మమ్మల్నీ పిలిచేరు. తండ్రి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఆయనింకా ఫార్మసీ దరఖాస్తు కాగితాలు పారెయ్యలేదని మాకు తెలుసు. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "ఓలమ్మా, కోత తిరగబడిపోనాదే" అన్నారు.

నిజమే. చెట్టు ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందకి ఏటవాలుగా గీయాలి. బెరడులో పాలనాళాలు దానికి ఎదురు ఒరిగి ఉంటాయి కనుక అలా కోస్తేనే ఎక్కువ నాళాలు తెగుతాయి. అచ్చులో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ఆ పిల్ల పలక మీద సరిగానే చెక్కింది గాని కాగితం మీద చెట్లన్నీ ఎడమచేతివాటం వాళ్ళు గీసినట్టు వచ్చేయి. మూడు వారాల పని. ప్రదర్శనకి పది రోజులుంది. అమ్మాయి నేలమీద కూలబడింది.

"చూసేవాళ్ళకి ఎవరికి తెలుస్తుందే" అంది తల్లి.

తండ్రి అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. వచ్చి ఆ కాగితం దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కోతమీదా వేలు పెట్టి చూసేరు. "మా అమ్మకి తెలుస్తుంది" అని, కారు తాళాలు తీసుకుని, కొత్త లినోలియం పలక ఎక్కడ దొరుకుతుందో చెప్పమని కూతుర్ని అడిగేరు.