పింక్ ఫ్లాయిడ్‌ని ఎక్కణ్ణుంచి వినాలి?

పింక్ ఫ్లాయిడ్ గురించి ఎంతో విని, ఇక పాటలూ విందామని కూర్చున్నవాళ్లకి మొదటి చిక్కు ఎంపికే. ఈ లండన్ బృందానికి 1967 నుంచి 2014 దాకా పదిహేను స్టూడియో ఆల్బమ్‌లున్నాయి. వరుసగా వినడమే పద్ధతి అనిపిస్తుంది కానీ, వద్దు. తొలి ఆల్బమ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్' ఎక్కువగా సిడ్ బారెట్ అనే యువకుడి ఊహాలోకం. మనం పేరు విన్న పింక్ ఫ్లాయిడ్ దాన్లో ఇంకా పుట్టలేదు. హిట్ పాటల సంకలనాలూ వద్దు. 1970లలో వీళ్లు ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే రచనగా కట్టారు. ఒక పాట ఆగకుండానే ఇంకో పాటలోకి జారిపోతుంది. అందుకే ఫోన్‌లో షఫుల్ కూడా ఆపేయాలి.

నేనైతే 1975లో వచ్చిన 'విష్ యు వర్ హియర్' చేతికిస్తాను. ఉన్నవి ఐదే ట్రాకులు, మొత్తం ముప్పావు గంటలోపే. మొదటిది 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'. ఇందులో గొంతు వినపడేసరికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. పల్లవి కోసం ఎదురుచూసే సినిమా పాటల చెవికి ఇది కష్టమే. కచేరీలో రాగాలాపన విన్నట్టు వింటే మాత్రం దారి దొరుకుతుంది. రిచర్డ్ రైట్ కీబోర్డు పరిచిన స్వరాల మీద డేవిడ్ గిల్మోర్ గిటార్ నాలుగంటే నాలుగు స్వరాలు పలుకుతుంది, ఆగుతుంది, మళ్లీ అవే పలుకుతుంది. ఆ తొందరలేనితనం చెవికెక్కితే ఈ బృందం మీకు సగం అర్థమైనట్టే.

ఆ పాట బారెట్‌ గురించే. మత్తుమందులు, మానసిక అస్వస్థత కలిసి అతణ్ణి 1968లో బృందానికి దూరం చేశాయి. ఏడేళ్ల తర్వాత ఈ ఆల్బమ్ పని జరుగుతుండగా అతను ఉన్నట్టుండి ఆబీ రోడ్ స్టూడియోకి వచ్చాడు. ఒళ్లు చేసి, తలా కనుబొమలూ గొరిగించుకుని ఉన్న ఆ మనిషిని పాత స్నేహితులు ముందు గుర్తుపట్టలేదు. ఇది తెలిశాక 'పైపర్' వినండి. వింతగా తోచే ఆ పాటల్లో వాళ్లు పోగొట్టుకున్న మనిషి వినిపిస్తాడు.

రెండోది, 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. అందరూ దీంతోనే మొదలుపెట్టమంటారు, అదీ తప్పు కాదు. కాకపోతే దీని ఖ్యాతి ఎంత పెద్దదంటే, కొత్తవాళ్లు పాట వినడం మాని గొప్పతనం కోసం వెతుకుతారు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగిసే ఈ ఆల్బమ్‌లో కాలం, డబ్బు, చావు, మతిచలనం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 'మనీ' పాటకి దరువు వేసి చూడండి, ఏడు లెక్కలు. మన మిశ్రచాపు తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే నడిచి, గిటార్ వంతు రాగానే తాళం నాలుగుకి మారిపోతుంది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో క్లేర్ టోరీ ఒక్క మాటైనా లేకుండా చావు గురించి పాడింది. ఆమెకి సహరచయితగా గుర్తింపు దక్కడానికి 2005 దాకా, అదీ కోర్టుకెక్కాక గానీ కుదరలేదు.

ఈ రెండూ నచ్చాక వెనక్కి, 1971 నాటి 'మెడిల్'కి వెళ్లండి. రికార్డు రెండో వైపంతా 'ఎకోస్' అనే ఒకే పాట, ఇరవై మూడు నిమిషాలు. 'డార్క్ సైడ్'కి దారి పడింది ఇక్కడే.

'ద వాల్' (1979)ని మాత్రం కొన్నాళ్లు ఆపండి. రెండు రికార్డుల నిడివి, ఒకే కథ, బృందం ప్రధాన గీతరచయిత రోజర్ వాటర్స్ కోపం, బాధ. మిగతావి వినకుండా అందులోకి దిగితే ఊపిరాడదు. దానికి ముందొచ్చిన 'యానిమల్స్' (1977) కూడా కోపంగానే ఉంటుంది కానీ, పదిహేడు నిమిషాల 'డాగ్స్'లో గిల్మోర్ గిటార్ కోసమైనా దాన్ని వదులుకోకూడదు.

1985లో వాటర్స్ వెళ్లిపోయాక వచ్చినవాటికి తొందర లేదు. గిల్మోర్ గిటార్ మీద మనసు పడ్డవాళ్లు 1994 నాటి 'ద డివిజన్ బెల్' తీసి, చివర ఉన్న 'హై హోప్స్'తో మొదలుపెట్టొచ్చు.