మహమ్మారి లెక్కలు: వానిని చదువు విధము

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో గణితపాఠమునకై కోవిడ్ వ్యాధి లెక్కలను నల్లబల్లపై వ్రాసితిని. మొదటి వరుసలో దేశముల పేర్లు, రెండవ వరుసలో రోగుల సంఖ్య, మూడవ వరుసలో మృతుల సంఖ్య. విద్యార్థులు లెక్క కట్టుచుండగా, కొండమీది గూడెమునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొనుచున్న బాలుడొకడు లేచి, "మాస్టారూ, మా తాత ఈ లెక్కలో ఉన్నాడా?" అని యడిగెను. 2021వ సంవత్సరపు వేసవిలో ఆతని తాత జ్వరముతోను ఆయాసముతోను కొన్ని దినములు బాధపడి, ఏ పరీక్షయు జరుగకయే యింటివద్ద మరణించెనట. అప్పుడు నేను సరియైన యుత్తరము చెప్పజాలకపోతిని. ఆ యుత్తరమును చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

చైనా దేశమందలి ఊహాన్ నగరమున 2019 డిసెంబరులో బయల్పడిన యీ వ్యాధిని 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మహమ్మారిగా పేర్కొనిరి. మన దేశమున మొదటి రోగి 2020 జనవరి 30వ తేదీన కేరళలోను, మన రాష్ట్రమున మొదటి రోగి మార్చి 12వ తేదీన నెల్లూరులోను కనబడిరి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు 2020 జనవరి 22 మొదలు 2023 మార్చి 10 వరకు సకల దేశముల లెక్కలను దినదినము ప్రకటించుచు వచ్చిరి. నాటి వార్తాపత్రికలలో మనము చూచిన పెక్కు పట్టికలకు ఇట్టి లెక్కలే యాధారము. వానిని చదువువారు నాలుగు సంగతులను జ్ఞప్తియందుంచుకొనవలెను.

మొదటిది: రోగుల సంఖ్య యనగా వ్యాధి సోకినవారి సంఖ్య కాదు, పరీక్ష చేయగా వ్యాధి యున్నట్లు తేలినవారి సంఖ్య మాత్రమే. పరీక్షలు తక్కువైనచోట రోగులును తక్కువగానే కనబడుదురు. 2020 డిసెంబరు, 2021 జనవరి మాసములలో భారత వైద్య పరిశోధన మండలివారు దేశములోని పలు జిల్లాలలో రక్తపరీక్షలు చేయించిరి. పది సంవత్సరములు నిండినవారిలో ప్రతి యైదుగురిలో నొకరికి మించి యప్పటికే వ్యాధి సోకియుండెనని తేలెను. ఆ లెక్కను బట్టి సోకినవారు ఇరువది కోట్లకు పైబడుదురు. కాని యానాటి పట్టికలో నున్న రోగులు ఒక కోటికి కొంచెము మించినవారే.

రెండవది: దేశములను పోల్చునపుడు జనసంఖ్యచే భాగింపవలెను. మొత్తము మృతులు మన దేశమున 5 లక్షల 30 వేలకు పైగాను, దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున సుమారు 2 లక్షల 20 వేలుగాను లెక్కకు వచ్చిరి. పైకి చూడగా మన నష్టమే పెద్దదిగా దోచును. కాని మన జనసంఖ్య సుమారు 140 కోట్లు. పెరూ జనసంఖ్య సుమారు 3 కోట్ల 40 లక్షలు. కావున లక్షమందికి పెరూలో సుమారు 650, మన దేశమున సుమారు 38 మరణములు లెక్కకు వచ్చినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ సంఖ్య 330కి మించినది.

మూడవది: ఒక్క దినపు లెక్కను నమ్మి తీర్పు చెప్పరాదు. సెలవుదినములందు పరీక్షలు తక్కువగుటచే మరునాటి సంఖ్య పడిపోవును. వ్యాధి తగ్గినదని యర్థము కాదు. అందుచే ఏడు దినముల సగటును తీసికొందురు. మరియు మరణములు రోగుల సంఖ్యను కొంత యెడముగా వెంబడించును. 2021 మే 6వ తేదీన మన దేశమున ఒక్కనాడు 4,14,188 మంది రోగులు బయల్పడిరి. మరణముల సంఖ్య 4,500 దాటినది మాత్రము మే 19వ తేదీనాటి ప్రకటనయందు. వ్యాధి పట్టుకొనుటకును ప్రాణము పోవుటకును నడుమ గడచు దినములే యా రెండు వారముల యెడము.

నాలుగవది: కోవిడ్ మరణమనగా నేమో దేశదేశమునకు నిర్వచనము వేరు. 2020 ఆగస్టులో ఇంగ్లాండునందు, పరీక్షలో వ్యాధి తేలిన 28 దినములలోపల మరణించినవారినే లెక్కింతుమని నియమము మార్చగా, మృతుల సంఖ్య ఒక్కసారిగా ఐదువేలకు పైగా తగ్గెను. పెరూ దేశమువారు 2021 మే నెలాఖరున తమ పాత దస్తరములను మరల పరిశీలించి, సుమారు 69 వేలుగా నున్న సంఖ్యను 1 లక్ష 80 వేలకు పెంచిరి. ఇంగ్లాండులో చచ్చినవారెవరును మరల బ్రదుకలేదు. పెరూలో లక్షమంది యొక్కదినమున చావలేదు. లెక్కించు విధమే మారినది.

ఇట్టి చిక్కులను దాటుటకు శాస్త్రజ్ఞులు "అధిక మరణములు" అను కొలతను వాడుదురు. ఒక యూరిలో ఏటేట పదుగురు చనిపోవుచుండగా ఒక యేడు పదునెనిమిదిమంది చనిపోయిరనుకొందము. వారిలో నిద్దరికి మాత్రమే పరీక్షలో కోవిడ్ తేలినది. పట్టికకెక్కునది రెండు, ఆ యేటి యధిక మరణములు ఎనిమిది. మిగిలిన యార్గురును కోవిడ్‌వలననే పోయిరని యీ కొలత చెప్పదు. వైద్యశాలలు నిండియుండుటచే చికిత్స దొరకక వేరు వ్యాధులచే పోయినవారును అందుండవచ్చును. అయినను ఆ యార్గురు లేరని మాత్రము చెప్పదు. 2020, 2021 సంవత్సరములలో ప్రపంచమున ప్రకటితమైన కోవిడ్ మరణములు సుమారు 54 లక్షలు కాగా, అధిక మరణములు సుమారు 1 కోటి 49 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 మే 5వ తేదీన అంచనా వేసిరి. మన దేశమునకు వారు వేసిన యంచనా 47 లక్షలు. ఆ గణనవిధానమును మన ప్రభుత్వమువారు అంగీకరింపలేదు. మన దేశపు నమోదు పుస్తకములను చూచినచో, 2020లో సుమారు 81 లక్షల మరణములును, 2021లో సుమారు 1 కోటి 2 లక్షల మరణములును నమోదైనవి. ఈ పెరుగుదలలో కొంత భాగము నమోదు మెరుగుపడుటవలన గలిగినది కావచ్చును. అంతయు నట్టిది కాదు.

ఇక మన మన్యము సంగతి. నాటి జిల్లాల పట్టికలలో మన జిల్లా పేరు కనబడదు. పార్వతీపురము మన్యము జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన నేర్పడినది. అంతకుముందు మన ప్రాంతము కొంత విజయనగరము లెక్కలోను, పాలకొండ, సీతంపేట భాగములు శ్రీకాకుళము లెక్కలోను కలిసియుండెను. త్రోవ లేని గూడెములనుండి రోగిని డోలీ కట్టి మోసికొని దిగవలసియుండును. అట్టిచోట పరీక్ష లేక మరణించినవారు కోవిడ్ వరుసలోనికి రాజాలరు. దేశమంతటను చూచినను, 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణము వ్రాసియిచ్చినవి నాల్గవవంతు కూడ లేవు.

ఇట్టి కొరత క్రొత్తది కాదు. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటిమందికి పైగా బలిగొనెను. ఆ కాలమున చెన్నపట్టణ రాజధానిలో గ్రామ మునసబులే జనన మరణములను వ్రాయుచుండిరి. 1921వ సంవత్సరపు జనాభా లెక్కలలో దేశజనసంఖ్య 1911 నాటికంటె తగ్గియుండుటను చూచినపుడే నష్టమెంతటిదో తెలియవచ్చెను. ప్రపంచమున మృతులు 2 కోట్ల 15 లక్షలని 1927లో నొక పండితుడు అంచనా వేయగా, 2002లో మరియిద్దరు పండితులు దానిని 5 కోట్లకు పెంచిరి.

కావున ఆ బాలునికి నా యుత్తరమిది: "నాయనా, మీ తాత బల్లమీది మూడవ వరుసలో లేడు. ఆయన మరణము నమోదైయున్నచో, 2021వ సంవత్సరపు 1 కోటి 2 లక్షలలో నున్నాడు. నమోదు కాకున్నచో ఏ లెక్కలోను లేడు." సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి విచారించి వచ్చి, నమోదు కాలేదని యాతడు చెప్పెను. 1969వ సంవత్సరపు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో తెలియజేయవలెను. గడువు దాటినను అధికారుల యనుమతితో నమోదు చేయించవచ్చును. దరఖాస్తును మేమిద్దరమును కూర్చుండి వ్రాసితిమి.

విద్యార్థులారా, పట్టికను చూచినపుడు ఎవరు లెక్కించిరి, ఎట్లు లెక్కించిరి, ఎవరు విడువబడిరి అని యడుగుడు. సెలవులకు మీ యూరికి వెళ్లినపుడు ఇంటిలో చనిపోయినవారి పేర్లు నమోదైనవో లేవో పెద్దలనడిగి తెలిసికొనుడు. చదువురానివారికి దరఖాస్తు వ్రాసిపెట్టుడు.