రెండొందల గజాల ఆట

విశాఖ శివారు దువ్వాడలో ఇంటి దగ్గర పికిల్‌బాల్ కోర్టు కట్టాలంటే రంగులు, నెట్టు ఆఖరి మాట. మొదటి మాట నేలది, నీటిది, పక్కింటివాళ్లది.

“ఇంటి దగ్గరే పికిల్‌బాల్ కోర్టు కట్టుకోవచ్చా? మన దువ్వాడలో కుదురుతుందా? ముఖచిత్ర కథనం కావాలి, బుధవారం పేజీలు మూసేస్తాం” అన్నారు సంపాదకులు. వెతికితే సమాచారానికి కొదవ లేదు. సినిమా తారల జట్లు, ప్యాడిళ్ల రకాలు, నగరాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే కోర్టుల కబుర్లు కుప్పలుగా ఉన్నాయి. అన్నీ చదివాక మళ్లీ మళ్లీ చేతిలోకి తీసుకున్న కాగితం మాత్రం ఒక్కటే. అది కోర్టు కొలతల పటం.

ఆ పటంలో ఉన్నవి కాసిని అంకెలే. పొడవు 44 అడుగులు, వెడల్పు 20. నెట్టుకు అటూ ఇటూ 7 అడుగుల మేర ‘కిచెన్’. అందులో నిలబడి బంతిని నేల తాకకుండా గాల్లోనే కొట్టకూడదు. కిచెన్ వెనక 15 అడుగులు సర్వీసు గడులు. నెట్టు ఎత్తు స్తంభాల దగ్గర 36 అంగుళాలు, నడుమ 34. గీతల మందం 2 అంగుళాలు. పరుగెత్తడానికి చుట్టూ ఖాళీ కలుపుకొంటే కనీసం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు కావాలి. వీలుంటే 34, 64.

ఈ అడుగుల్ని మన లెక్కలోకి మార్చి చూడండి. 30ని 60తో గుణిస్తే 1800 చదరపు అడుగులు. అంటే సరిగ్గా 200 గజాలు. లేఅవుట్లలో ఒక మధ్యతరగతి కుటుంబం ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి కొనుక్కునే ప్లాటు అంత! ఇక 34ని 64తో గుణిస్తే 2176 చదరపు అడుగులు, దాదాపు 242 గజాలు. సెంటుకు 48.4 గజాల చొప్పున అది ఐదు సెంట్లు. ఈ లెక్క చూశాక ‘ఇంటి పెరట్లో కోర్టు’ అన్న మాట నా మనసులో నిలవలేదు. దువ్వాడలో కోర్టు కట్టడమంటే ఇల్లు కట్టగలిగిన స్థలాన్ని ఆటకు వదలడం. అంత నేల ఒక్క కుటుంబం కోసం వదలడం నాకు సబబనిపించదు. వీధి కోసం వదిలితే మాత్రం అంతకు మించిన పని లేదనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఆట ఎక్కువగా నలుగురితో ఆడేది. రోజూ ఆడే నలుగురు ఒక్క ఇంట్లో దొరకరు.

ప్లాటు ముఖం ఎటు?

200 గజాలూ ఒకేలా ఉండవు. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతున్న ప్లాటు కూడా 200 గజాలే. కానీ అందులో కోర్టు గీస్తే వెనక గీత దాటాక మిగిలేది 3 అడుగులు. వెనక్కి పరుగెత్తినవాళ్లు నేరుగా గోడకు కొట్టుకుంటారు. 30, 60 ప్లాటైనా చుట్టూ తొమ్మిదంగుళాల గోడ కడితే లోపల మిగిలేది 28 అడుగుల ఆరంగుళాలు, 58 అడుగుల ఆరంగుళాలే. అందుకే దస్తావేజులోని విస్తీర్ణాన్ని నమ్ముకుని దిగకూడదు. గోడల లోపలి కొలతే కొలత.

తర్వాతది దిక్కు. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకుంటే ఉదయం ఒక జట్టుకు, సాయంత్రం రెండో జట్టుకు సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. మనవాళ్లు ఇంటి కోసం ఏరికోరి కొనేది తూర్పు ఫేసింగ్. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతున్న తూర్పు ఫేసింగ్ ప్లాటులో పొడవంతా తూర్పు పడమరలుగా సాగుతుంది. వాస్తు మెచ్చిన ప్లాటు ఆటకు సరిపడదు. ఉత్తరం, దక్షిణం ఫేసింగ్ ప్లాట్లలో పొడవు సరైన దిక్కున పడుతుంది. ఎవరైనా ఖాళీ ప్లాటు ఇస్తామంటే ముందు దాని ముఖం ఎటో అడగండి.

మూడంగుళాల వాటం

కోర్టును నిలిపేదైనా చెడగొట్టేదైనా నీరే. కోర్టు నేలకు ప్రతి 10 అడుగులకు ఒక అంగుళం చొప్పున వాటం ఉండాలి. 30 అడుగుల వెడల్పుకు మూడంగుళాలన్నమాట. ఆ వాటం ఒక పక్క నుంచి మరో పక్కకు ఒకే తలంలో సాగాలి. నడుమ ఎత్తుగా ఉండి రెండు చివర్లకూ జారితే నెట్టు ఎత్తు లెక్క తప్పుతుంది. ఒక చివర నుంచి రెండో చివరకు జారితే ఒక జట్టు ఎగువన, ఇంకో జట్టు దిగువన ఆడాల్సి వస్తుంది. అడ్డంగా జారితే ఇద్దరికీ సమానం.

ఆ నీరు ఎంత? 1800 చదరపు అడుగుల కాంక్రీటు మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 1,670 లీటర్లు. వాయుగుండం పట్టి ఒక్క రోజులో 10 సెంటీమీటర్లు కురిస్తే 16,700 లీటర్లు. నిన్నటిదాకా నేల తాగిన నీరు ఇక పక్కింటి పునాది వైపు పోతుంది. కాబట్టి పల్లపు వైపు మీ హద్దులోనే కాలువ, దాని చివర ఇంకుడు గుంత ఉండాలి. కోర్టు పటంలో ఈ గుంత కనిపించదు. మన పటంలో మొదట గీయాల్సింది అదే.

మన కాలనీల్లో ఏటేటా రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ప్లాటు పల్లమవుతుంది. దాంతో మెరక తప్పదు. లారీలతో గ్రావెల్ తోలించి ఒకేసారి పరిచి పైన కాంక్రీటు పోస్తే రెండు వానలకే నేల దిగి స్లాబు పగులుతుంది. ఆరేసి అంగుళాల వరుసలుగా పరిచి, తడిపి, ప్రతి వరుసనూ రోలర్‌తోనో కంపాక్టర్‌తోనో దిట్టంగా అణచాలి. చేతి దిమ్మిస ఇంత వైశాల్యానికి చాలదు. దాని మీద పిక్క పరుపు, ఆపైన పాలిథిన్ షీటు. షీటు లేకపోతే నేలలోని చెమ్మ పైకొచ్చి రంగును బుడగలుగా లేపుతుంది.

షీటు మీద ఇనుప చువ్వల జాలీ, ఆపై కనీసం 4 అంగుళాల కాంక్రీటు. విశాఖ ఉక్కు చువ్వలు ఆ కర్మాగారం పక్కనే ఉన్నవాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. చువ్వల మందం, దూరం మాత్రం నేల చూసిన ఇంజినీరే చెప్పాలి. సగం ఈ రోజు, సగం రేపు పోస్తే మధ్యలో అతుకు మిగిలిపోతుంది. విడగొట్టక తప్పకపోతే ఆ జాయింటు నెట్టు కింద పడేలా చూసుకోవాలి. బంతి అక్కడ పడి ఎగరాల్సిన పని ఉండదు.

ఇక్కడ మేస్త్రితో ముందే ఒక మాట అనుకోవాలి. నేలను అద్దంలా నున్నగా తేల్చడం మేస్త్రి పనితనానికి గుర్తు. కోర్టుకు అది పనికిరాదు. పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో సన్నని గీతలు పడేలా లాగాలి. అప్పుడే ఆక్రిలిక్ పూత పట్టు నిలుస్తుంది, తడి కాలు జారదు. తర్వాత మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మన వైపు ఎక్కువగా వాడే స్లాగ్ సిమెంటుకు కనీసం 10 రోజులు. క్యూరింగ్ కోసం రసాయన పూత వేస్తామంటే వద్దనండి, దాని మీద రంగు పట్టదు. పోసిన 28 రోజుల దాకా రంగు డబ్బా మూత తీయకూడదు.

ఆ గడువు ముగిశాక నేలంతా తడిపి గంట ఆగండి. ఎక్కడైనా రూపాయి బిళ్ల మునిగేంత నీరు నిలిస్తే అక్కడ సరిచేశాకే రంగు వేయాలి. ఇసుక కలిపిన ఆక్రిలిక్ పూతలు, గీతలు ఆ తర్వాతే. ఫొటోల్లో మనల్ని ఆకట్టుకునే నీలం, ఆకుపచ్చ రంగులన్నీ ఈ పనిలో చివరి అంకం.

ఇంతకీ ఎక్కడిదీ ఆట?

1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ తమ పిల్లల పొద్దుపోవడానికి ఇంటి ఆవరణలోని పాత షటిల్ కోర్టులో మొదలుపెట్టారు. బార్నీ మెకల్లమ్ తోడై నియమాలకు రూపమిచ్చారు. 1967లో కట్టిన తొలి శాశ్వత కోర్టు కూడా ప్రిచర్డ్ పొరుగింటి పెరట్లోదే. మన దేశంలో 2008లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2025లో కేంద్ర క్రీడల శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌కు జాతీయ సమాఖ్యగా గుర్తింపునిచ్చింది. అదే ఏడాది జరిగిన వరల్డ్ పికిల్‌బాల్ లీగ్‌లో చెన్నై జట్టు యజమాని నటి సమంత.

రాత్రి షిఫ్టు నిద్ర

గట్టి ప్యాడిల్‌కు గుల్ల ప్లాస్టిక్ బంతి తగిలితే ‘టక్’ మని పదునైన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మీద అమెరికాలో ఇరుగుపొరుగు కోర్టులకెక్కారు. మన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. చట్టం లెక్కించేది సగటు శబ్దం. నిద్ర చెడగొట్టేది మాత్రం ఒక్కో దెబ్బ.

దువ్వాడలో ఇంకో సంగతుంది. ఇది ఉక్కు కర్మాగారం, సెజ్, రైల్వే లైను ఆనుకుని ఉన్న ఊరు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పొద్దున్నే పడుకునేవాళ్లు వీధి వీధికీ ఉంటారు. ఉదయం ఏడింటి ఆట చట్టప్రకారం తప్పు కాదు, ఆ మనిషికి మాత్రం అర్ధరాత్రి వేళ మోత. అందుకే పునాది తవ్వకముందే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఎవరు ఏ షిఫ్టో అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆట వేళలు వాళ్లతో కూర్చునే రాసుకోవాలి. మెత్తటి నురగ బంతులు చప్పుడు తగ్గిస్తాయి, పడక గది కిటికీలకు దూరంగా కోర్టు జరపడం అంతకన్నా మేలు చేస్తుంది. దీపాల స్తంభాలు కోర్టు పొడవు పక్కన ఉండాలి, వెలుగు కిందికే పడాలి. కంచె ఎత్తు, స్తంభాల సంగతి వార్డు ప్లానింగ్ కార్యదర్శితో ముందే మాట్లాడుకోవాలి.

కంచెకు కట్టే ఆకుపచ్చ గుడ్డ గురించీ ఒక మాట. బంతి బరువు సుమారు పాతిక గ్రాములే కాబట్టి గాలి అడ్డుకునే గుడ్డ కావాల్సిందే. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు మనది. తుపాను హెచ్చరిక రాగానే విప్పేసేలా కట్టుకోవాలి. లేదంటే గుడ్డతోపాటు స్తంభాలూ పోతాయి. ఉప్పుగాలికి మామూలు ఇనుప పైపులు తుప్పు పడతాయి, జింకు పూత ఉన్నవి తీసుకోండి.

డాబా మీద అయితే?

20, 44 అడుగుల గీతలు కొన్ని డాబాల మీద పడతాయి. బరువు సంగతి చూసుకోవాలి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 4 అంగుళాల కొత్త కాంక్రీటు ఒక్కటే 250 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి డాబా మీద కాంక్రీటు జోలికి వెళ్లకండి. స్ట్రక్చరల్ ఇంజినీరు సరేనంటే తేలికైన ప్లాస్టిక్ పలకలు, చుట్టూ ఎత్తైన వల వేసుకోవచ్చు. కింది వాటాలో ఉండేవాళ్ల సమ్మతి కూడా కావాలి.

లెక్క కాగితం

ధరలు రోజుకో తీరు, పరిమాణాలు మారవు. 30, 60 అడుగుల స్లాబు 4 అంగుళాల మందాన 600 ఘనపుటడుగులు, అంటే 17 ఘనపు మీటర్లు. రెడీమిక్స్ అయితే సుమారు మూడు లారీలు. కోర్టు మూలలు సరిచూడటానికి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. షటిల్ కోర్టు కొలత కూడా 20, 44 అడుగులే. దాని ముందు సర్వీసు గీత నెట్టుకు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది, కిచెన్ గీత ఏడు అడుగుల దగ్గర. ఎత్తు మార్చుకునే స్తంభాలు పెడితే ఒకే నేల మీద రెండాటలూ ఆడొచ్చు.

ముందు ముగ్గు

ఇంత చెప్పాక నా సలహా చిన్నదే. కాంక్రీటుతో మొదలుపెట్టకండి. ఖాళీ ప్లాటు శుభ్రం చేసి, చదును చేసి, ముగ్గుతో గీతలు పోసి, మడత నెట్టు ఒకటి కొని ఆడండి. మట్టి మీద బంతి సరిగా ఎగరదు, అయినా కొట్టడం, నిలబడటం, లెక్క పెట్టడం వచ్చేస్తాయి. ఒక వర్షాకాలం గడవనివ్వండి. నీరు ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో ఆ నేలే చూపిస్తుంది. ఎండ ఎటు నుంచి కొడుతుందో, చప్పుడు ఏ ఇంటికి తగులుతుందో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటి వారం ఉత్సాహం తగ్గాక కూడా వచ్చే నలుగురెవరో తేలుతుంది. ఆ నలుగురూ వేర్వేరు ఇళ్లవాళ్లయితే, వాళ్లలో ఒక అమ్మాయీ ఒక పెద్దాయనా ఉంటే, రెండొందల గజాలు ఇచ్చినా నష్టం లేదు. అప్పుడు పిలవండి మేస్త్రిని.