గంపెడు కూరలు, దోసెడు మెత్తళ్లు

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. తోట తడిక దగ్గర, రేవు నుంచి వచ్చినామె నెత్తి మీది తట్ట దించింది. తట్టలో మెత్తళ్లు, తడి ఆరక మెరుస్తున్నాయి. తోటామె ఒక ఆనపకాయ, రెండు కట్టల తోటకూర, కొంగున గుప్పెడు పచ్చిమిరపకాయలు పట్టుకొచ్చింది. కాటా లేదు. ధర ఎవరూ అడగలేదు. దోసెడు మెత్తళ్లు అరిటాకులో పడ్డాయి. రేవామె ఆనపకాయని గోటితో గిల్లి చూసింది. గోరు దిగింది. "లేతదేనే" అని ఇంకో దోసెడు పోసి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఉద్దానంలో సేంద్రియ సేద్యం గురించి రాద్దామని బయల్దేరిన నాకు డొంకూరులో మొదట కనబడింది ఈ బేరమే. తర్వాత చాలామందిని అడిగాను, చాలా లెక్కలు రాసుకున్నాను. ఏ లెక్క తీసినా చివరికి ఈ తడిక దగ్గరికే వచ్చి ఆగింది.

డొంకూరు ఇచ్ఛాపురం మండలంలో, రాష్ట్రం చిట్టచివర, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. దగ్గర్లోనే బాహుదా నది కడలిలో కలుస్తుంది. ఆ పైన ఒడిశా, గంజాం జిల్లా. ఇచ్ఛాపురం బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. దక్షిణాన కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా పరుచుకున్న తోటల సీమకే ఉద్దానం అని పేరు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట్లో నలిగి ఉద్దానం అయిందంటారు. మాట ఎలా పుట్టినా, తోటలోకి అడుగుపెడితే ఆ పేరు అబద్ధమనిపించదు.

నేను చూసిన తోట ఎకరం ముప్పావు. పేరు రాయొద్దంది తోటామె. "పేపర్లో పడ్డావా, ఇక మా బేరమెందుకమ్మా నీకు" అని కాయలు కొనేవాళ్లు ఎకసెక్కాలాడతారట. సరే, రాయను. పైన కొబ్బరి. దాని కింద పనస, మామిడి, ఇసక గరువు వైపు నాలుగు జీడిమామిడి చెట్లు. ఆ నీడలో అరటి, కంద, పసుపు. ఎండ పడే చోట వెతికి వెతికి కూరమళ్లు. సముద్రం వైపు కంచె మొగలి పొదలు, వాటి వెనక సరుగుడు. ఉప్పుగాలి లోపలికి రాకుండా ఆ రెండే అడ్డం.

"మీది ఎన్నేళ్లనుంచి సేంద్రియం?" అని నోట్‌బుక్ తీసి అడిగాను. ఆమెకి నవ్వొచ్చింది. "ఏటి బావూ, పనససెట్టుకి మందు కొట్టినోడిని నువ్వెక్కడైనా సూసావేటి?"

చూడలేదు. ఉద్దానంలో పనసకి, పెరటి కొబ్బరికి, కందకి రసాయనం అలవాటు ఎప్పుడూ పెద్దగా లేదు. మందులు వచ్చింది వరిలోకి, కూరగాయల్లోకి, పూతవేళ టీ దోమ పట్టే జీడిలోకి. కాబట్టి ఈ తోట మారిందంటే మారింది కూరమళ్లూ, ఆ నాలుగు జీడిచెట్లే. 2016లో రాష్ట్రంలో ప్రకృతి సేద్యం కార్యక్రమం మొదలైంది, రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో. పొదుపు సంఘాల్లోని ఆడవాళ్లే దాన్ని ఇల్లిల్లూ తిప్పారు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లో గుల్బెంకియన్ మానవతా బహుమతి వచ్చింది, శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి. ఆ సంగతి చెబితే తోటామె "మంచిదే" అని, డ్రమ్ము కలపడానికి వెళ్లింది.

నీలం డ్రమ్ము. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీద తవ్విన గుప్పెడు మట్టి. శనగపిండి వాడమంటారు గానీ ఈమె ఇంట్లో పండిన ఉలవలు విసిరి పోస్తుంది. బెల్లం కూడా పాకం కారి నల్లబడింది, కొట్లో ఎవరూ కొననిది. గోనెపట్టా కప్పి నీడన పెట్టి, పొద్దుటా సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి. రెండు రోజులకి పులిసిన వాసన వేస్తుంది. అదే జీవామృతం. దీంట్లో కష్టం ఏమిటంటే ఆవు. పశువు లేని ఇల్లు పేడకోసం పక్కింటి మీద ఆధారపడాలి. ప్రకృతి సేద్యం పుస్తకాల్లో ఈ చిన్న సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నాకనిపిస్తుంది.

కొబ్బరిది ఇంకో కథ. 2016లో దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ ఆకు అడుగున తెల్లటి చుట్టలు గీస్తుంది. దాని జిగురు మీద మసి పట్టి మట్టలు నల్లబడతాయి. చూస్తే గుండె ఝల్లుమంటుంది, వెంటనే మందు కొట్టాలనిపిస్తుంది. కొడితే దోమతో పాటు ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగా చస్తుంది. ఆ దోమని తినిపెట్టేది ఆ కందిరీగే. అందుకే పురుగుమందులు కొట్టొద్దని శాస్త్రవేత్తలే చెప్పారు. ఇక్కడ ఓపికే మందు.

ఏడాది ఎలా గడుస్తుందంటే తోటామె నెలలు చెప్పదు, డబ్బు ఏ దారిన వస్తుందో చెబుతుంది. మాఘం దాటాక పచ్చి పనస. మాంసం వండినట్టు మసాలా దట్టించి వండుకునే ఒడిశా వాళ్లకీ, బెంగాలు వాళ్లకీ ఈ కాయంటే ప్రాణం. లారీలు ఇక్కడికే వస్తాయి. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు. మే, జూన్‌లలో పనసపండు, మామిడి. చేతులకి నూనె రాసుకుని, ఆకుల మీద కూర్చుని పండు కోసి తొనలు ఒలిచే రోజులవి. బంక ఒకసారి అంటుకుంటే కిరసనాయిలుకి తప్ప వదలదు. తొనలు పిల్లలకి, పిక్కలు కూరకి, తొక్క ఆవుకి. రోహిణి కార్తెలో వానకి ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లుతుంది. జొన్న, సజ్జ, పెసర, అలసంద, నువ్వు, ఏది దొరికితే అది. మొలిచాక కొంత పశువుకి, కొంత మట్టికి. వానలు పడ్డాక మొగలి పూస్తుంది. మగ చెట్టు పూలకే ఆ వాసన. తెల్లవారుజామున కోయాలి, ఎండెక్కితే విలువ పోతుంది. గంజాంలో ఆ పూలనుంచి అత్తరు, కేవడా నీళ్లు తీస్తారు. కంచెకి డబ్బులొచ్చే ఊరు నేను వేరే చూడలేదు. వినాయక చవితి నుంచి దసరా, కార్తీకం దాకా కొబ్బరికి గిరాకీ. దింపు వాళ్లు చెట్టెక్కుతారు, కాయలు పుంజీల లెక్కన పోగుపడతాయి. పుంజీ అంటే నాలుగు. చలికాలానికి కంద, పెండలం, ఇంటికి సరిపడా చోళ్లు.

మధ్యలో, తుపాన్ల వేళ, చిత్త కార్తె ఒకటుంది. దాని గురించి ఎవరూ వరసలో కలిపి చెప్పరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటింది. అంతకు ఐదేళ్ల ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఈ తోటల్ని ఊపేసి పోయింది. తిత్లీ ఊపలేదు, పీకేసింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల్లో పోయాయి. వేళ్లు ఆకాశం వైపు తిరిగిన జీడిచెట్ల కింద నుంచి నడిచినట్టు గుర్తు చేసుకుంటారు ఇక్కడివాళ్లు. నాటు కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మరి ఆ ఆరేడేళ్లూ ఏం తినాలి? తోటామె జవాబు కూరమళ్లు. పైన చెట్టు లేకపోయేసరికి నేల మీద ఎండ పడింది, ఎండ పడేసరికి ఆనప, బెండ, వంగ, బచ్చలి, చోడి వేసింది. ఈ తోట ఊరికి కూరలమ్మడం అలా మొదలైంది. తుపానుకి ముందు ఇక్కడినుంచి కాయలు లారీ ఎక్కేవి తప్ప, ఊళ్లోవాళ్లు కొనుక్కునేది పెద్దగా ఏమీ ఉండేది కాదు.

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. పిక్కలు పలాస పోతాయి. పలాస-కాశీబుగ్గ జంటపట్నంలో జీడిపప్పు కార్ఖానాలు వందల్లో ఉన్నాయి. 80 కిలోల బస్తాకి 16,000 రూపాయలు ఇప్పించమని రైతులు రోడ్డెక్కారు కూడా. అంటే కిలో పిక్కలకి 200. కిలో పప్పు రావాలంటే సుమారు నాలుగు కిలోల పిక్కలు కావాలి. మిగతా లెక్క మీరే వేసుకోండి, ఈసారి మిఠాయి కొట్లో పప్పు కొన్నప్పుడు. ఆ అడిగిన ధరలో కూడా "మందు కొట్టని పిక్క" అని వేరే వరస లేదు. కాటా మీద రెండూ ఒకటే. కొబ్బరీ అంతే, పనసా అంతే. లారీ ఎక్కిన కాయకి ఏ తోట కాయో గుర్తుండదు.

సర్టిఫికెట్ ఉంటే గుర్తుంటుంది కదా అనొచ్చు. ఉంది, పీజీఎస్ అని. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకోవాలి, కాగితాలు నింపాలి. పట్నంలో ప్యాకెట్టు కట్టి అమ్మేవాడికి అది పనికొస్తుంది. 2017 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే చిన్న రైతు తన పంటని తినేవాడికి నేరుగా అమ్ముకుంటే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదని మినహాయింపు ఉంది. సేంద్రియ ముద్ర మాత్రం వేసుకోకూడదు. రేవామె గోరు చాలదా మరి? ఆమె ఆ తోటలోంచే రోజూ నడిచిపోతుంది. ఏ మడిలో ఏం పోశారో ఆమె ముక్కుకే తెలుసు. జపాన్‌లో 1970లలో గృహిణులు కొందరు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకుని, పండినంతా మేమే తీసుకుంటామని మొదలుపెట్టిన పద్ధతికి టెయికెయి అని పేరుపెట్టి దేశదేశాలవాళ్లు అధ్యయనం చేశారు. డొంకూరు తడిక దగ్గర జరిగేదానికి పేరు లేదు, అంతే తేడా.

ఉద్దానం అనగానే మీకు ఇంకో మాట గుర్తొచ్చి ఉంటుంది. ఈ ఊళ్లని పట్టిన కిడ్నీ జబ్బు. ఆ ప్రస్తావన లేకుండా ఈ సీమ గురించి రాయడం కుదరదు, దాన్ని వాడుకుని కూరలమ్మడం మాత్రం తప్పు. ఈ జబ్బుకి ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది. సేంద్రియ తిండి తింటే కిడ్నీలు బాగవుతాయని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. తోటామె ఆ మాట ఎప్పుడూ అనదు. డయాలసిస్‌కి వెళ్లే మనిషికి ఆమె కొబ్బరిబొండం కూడా ఇవ్వదు. పొటాషియం ఎక్కువని డాక్టర్లు వద్దంటారు. అరటిపండూ వద్దే, పనసా వద్దే. చుట్టూ కొబ్బరితోట పెట్టుకుని గుక్కెడు కొబ్బరినీళ్లు తాగలేని మనుషులున్న ఊళ్లివి.

మళ్లీ తడిక దగ్గరికి వద్దాం. లోపలి వైపు గోడ మీద బొగ్గుతో గీతలున్నాయి. ఏమిటవని అడిగితే, చేపలు రాని రోజుల లెక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. నావలు ఒడ్డెక్కుతాయి. ఆ రెండు నెలలకి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెంచారు. డబ్బు చేతికొచ్చేసరికి మధ్యలో ఎన్ని రోజులు గడుస్తాయో గడుస్తాయి, అన్నం మాత్రం రోజూ వండాలి. అప్పుడు రేవామె ఖాళీ తట్టతో వస్తుంది, ఆనపకాయతో వెళ్తుంది. తోటామె గోడ మీద ఒక గీత గీస్తుంది. జూన్ మధ్యలో నావలు దిగాక, దోసెడుకో గీత చెరిగిపోతుంది. కొన్ని చెరగవు. గుజరాత్‌లోని వెరావల్‌కి వలసపోయిన మగవాళ్లు ఇంటికొచ్చాక డబ్బు కట్టిన గీతలూ ఉన్నాయి. పోయినేటివి రెండు మూడు ఇంకా గోడ మీదే ఉన్నాయి. వాటిని చూపించి "ఈళ్లు ఇస్తార్లే" అంది, ఎవరో చెప్పలేదు.

చిక్కేమిటంటే తోట ఎక్కువగా పండేది ఆ రెండు నెలల్లోనే. పనసపండు, మామిడి, బచ్చలి, ఆనప, అన్నీ అప్పుడే విరగకాస్తాయి. ఊళ్లో కొనేవాళ్ల చేతిలో డబ్బుండనిదీ అప్పుడే. గంప నెత్తినపెట్టుకుని ఇచ్ఛాపురం వెళ్తే మధ్యాహ్నానికి ఆకుకూర వాడిపోతుంది, వచ్చిన ధరకి వదిలేసి రావాలి.

కాబట్టి వేసవిలో జాతీయ రహదారి మీద బరంపురం వైపో విశాఖ వైపో వెళ్తూ ఇచ్ఛాపురం దాటేవాళ్లు, ఒక గంట సమయం ఉంటే సముద్రం వైపు తిరగండి. ఏ తోటామెనైనా అడగండి, కోసి ఇస్తారు. పనసపండు మెత్తటి తొనలదో గట్టి తొనలదో ముందే అడిగి తీసుకోండి. బేరం ఆడకండి. సంచీ మీదే తెచ్చుకోండి, చిల్లర కూడా. నేను చూసిన తోటలో ఫోన్‌పే బోర్డు లేదు.