హైటెక్ సిటీ ఎంపీ ఓటు ఎటు?

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్నాయనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. లేవు. అవి చేవెళ్ల కిందికి వస్తాయి. 2008 పునర్విభజనతో పుట్టిన ఈ స్థానంలో శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, మహేశ్వరం ఒకవైపు. చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు ఇంకోవైపు. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు పరిగెత్తే కుర్రాడికీ, తాండూరు కంది రైతుకూ ఢిల్లీలో ఎంపీ ఒక్కరే. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఓటర్లున్న అసెంబ్లీ స్థానం శేరిలింగంపల్లి. సంఖ్య 7 లక్షలు దాటింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో బూత్ దాకా వచ్చినవాళ్లు అందులో సగం కూడా లేరు. ఆఫీసులకు సెలవిచ్చినా ఇదీ వరస.

*

చేవెళ్ల తొలి ఎంపీ ఎస్. జైపాల్ రెడ్డి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్న వక్త. అయితే చేవెళ్ల ఎంపీగా 2009 నుంచి 2014 వరకు ఆయన ఎన్ని రోజులు సభకు వచ్చారు, ఎన్ని ప్రశ్నలు వేశారు అని వెతికితే ఏమీ దొరకదు. ఆయన బద్ధకస్తుడై కాదు. ఆ ఐదేళ్లూ కేంద్ర మంత్రి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. గొప్పగా మాట్లాడే మనిషి పేరు పక్కన గడులన్నీ ఖాళీ!

ఆయన రాజకీయ జీవితం మాత్రం నిండుకుండే. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలేశారు. 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరా గాంధీ మీదే పోటీకి దిగి ఓడిపోయారు. 1999లో మళ్లీ కాంగ్రెస్ గూటికి వచ్చారు. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, చివరికి చేవెళ్ల: లోక్‌సభకు మూడు స్థానాల నుంచి వెళ్లారు.

*

తెలంగాణ ఏర్పాటు బిల్లుకు లోక్‌సభలో ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా చెప్పే పట్టిక ఉందా? లేదు. 2014 ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. 18న తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి (సాంకేతిక లోపం అన్నారు, నమ్మినవాళ్లు నమ్మారు), మూజువాణి ఓటుతో బిల్లు గట్టెక్కింది. అవునన్నవాళ్లు అవునన్నారు, కాదన్నవాళ్లు కాదన్నారు, స్పీకర్ చెవికి ‘అవును’ గట్టిగా వినపడింది. ఒక రాష్ట్రం పుట్టిన ఓటుకు పేర్ల జాబితా లేదు. గచ్చిబౌలి ఉద్యోగి టీకని కిందికి దిగినా కార్డు గీసిన టైమ్ నమోదవుతుంది, వాళ్ల ఎంపీ ఓటు మాత్రం గాల్లో కలిసిపోతుంది.

ఇది ఆ ఒక్క బిల్లు సంగతి కాదు. మన చట్టాల్లో ఎక్కువ భాగం మూజువాణివే. 2023 ఆగస్టు 10న అవిశ్వాస తీర్మానం వీగిపోయిందీ అలాగే. ఎంపీల పనితీరు లెక్కగట్టే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ కూడా హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు సభ్యుల బిల్లులు చెప్పగలదు. ఎటు ఓటేశారో చెప్పాలంటే ముందు ఆ ఓటు రాసిపెట్టి ఉండాలి కదా.

*

పేర్లతో సహా రికార్డు కావాలంటే ఎవరైనా సభ్యుడు డివిజన్ అడగాలి. అప్పుడు గంటలు మూడున్నర నిమిషాలు మోగుతాయి. క్యాంటీన్‌లో ఉన్నవాళ్లు, సెంట్రల్ హాల్లో కబుర్లాడేవాళ్లు పరుగున రావాలి, ఆపైన తలుపులు మూసేస్తారు. అవునుకు ఆకుపచ్చ, కాదుకు ఎరుపు, తటస్థానికి పసుపు. పాత పార్లమెంటు భవనంలో ఒక్క బటన్ నొక్కితే సరిపోయేది కాదు. ఒక చేత్తో మీట, ఇంకో చేత్తో రంగు బటన్ పట్టుకుని రెండో గంట మోగేదాకా వదలకూడదు. ముందే వదిలితే ఓటు పడదు. అందుకే యంత్రంతో ఓటింగ్ జరిగిన ప్రతిసారీ ఓటు సరిదిద్దుకోవడానికి కాగితం చీటీలు అడిగేవాళ్లు కొందరు ఉండేవారు.

*

రాజ్యాంగ సవరణ బిల్లయితే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి కనుక లెక్క తప్పదు. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు మన పక్క సీటు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, రెండోవారు ఆయన పార్టీకే చెందిన ఇంతియాజ్ జలీల్. వాళ్ల వాదనతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా ఒకటి మాత్రం నిజం: వాళ్ల ఓటు వెతకడానికి ఎవరూ కష్టపడనక్కర్లేదు.

*

ఇప్పుడు అసలు కథ. 2019లో చేవెళ్లలో టీఆర్‌ఎస్ తరఫున జి. రంజిత్ రెడ్డి, కాంగ్రెస్ తరఫున కొండా విశ్వేశ్వర్ రెడ్డి తలపడ్డారు. రంజిత్ రెడ్డి 14,317 ఓట్లతో గెలిచారు. 2024లో ముఖాలు అవే, కండువాలు వేరు. రంజిత్ రెడ్డి కాంగ్రెస్, విశ్వేశ్వర్ రెడ్డి బీజేపీ. ఈసారి విశ్వేశ్వర్ రెడ్డి 1,72,897 ఓట్లతో గెలిచారు. అంతకుముందు 2014లో ఆయన గెలిచింది టీఆర్‌ఎస్ టికెట్ మీద! అంటే పదేళ్లలో మూడు లోక్‌సభ ఎన్నికలు, మూడు పార్టీలు.

తేదీలు చూడండి, భలే తమాషాగా ఉంటాయి. విశ్వేశ్వర్ రెడ్డి టీఆర్‌ఎస్ వదిలింది 2018 నవంబర్‌లో, పదవీకాలం ఆర్నెల్లు మిగిలి ఉండగా. రంజిత్ రెడ్డి గోడ దూకింది 2024 మార్చిలో, ఎన్నికల ముంగిట. 2021లో కాంగ్రెస్ వదిలి 2022లో బీజేపీలో చేరినప్పుడు విశ్వేశ్వర్ రెడ్డికి సీటే లేదు, పోయేదేమీ లేదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ వదిలినా, విప్ ధిక్కరించి ఓటేసినా సీటు పోతుంది. అందుకే ఐదేళ్ల మధ్యలో చాలామంది కదలరు, సభలో ఓటు పార్టీ చెప్పినట్టే పడుతుంది. ఎంపీ సొంత బుద్ధితో తేల్చుకునేది ఎక్కువగా ఏ పార్టీలో ఉండాలన్నదే. ‘ఓటింగ్ రికార్డు’ అని మనం వెతికేది సగం పార్టీ కార్యాలయం రికార్డే.

*

కొండా కుటుంబం పేరు తెలియనివాళ్లూ రోజూ పలుకుతూనే ఉంటారు. రంగారెడ్డి జిల్లా పేరు విశ్వేశ్వర్ రెడ్డి తాత కొండా వెంకట రంగారెడ్డిదే. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వైపు సంతకం చేసినవాళ్లలో ఆయన ఒకరు. ఆ ఒప్పందం తేదీ ఫిబ్రవరి 20. తెలంగాణ బిల్లును రాజ్యసభ ఆమోదించింది 2014 ఫిబ్రవరి 20న. కాకతాళీయమే గానీ, జాతకాలు చెప్పేవాళ్లకు మంచి సరుకు.

మనవడు ఇంజినీరు, వ్యాపారి. 2024 అఫిడవిట్‌లో చూపిన ఆస్తి సుమారు 4,568 కోట్లు. ఆ ఏడు గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో ఇది రెండో స్థానం. మొదటి స్థానమూ తెలుగువారిదే, గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్‌ది.

*

ఆస్తుల లెక్క అలా ఉంచి ఓట్ల లెక్కకొస్తే, ఒక్క ఓటు విలువ లోక్‌సభ మొత్తానికి తెలిసొచ్చిన రోజు 1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో కూలింది. స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటేయొచ్చా అన్న పేచీ వస్తే, బాలయోగి దాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. స్పీకర్‌కు ఓటుండేది ఇరుపక్షాలూ సమానమైతేనే కాబట్టి బాలయోగి ఓటు వేయలేదు.

*

కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ తొలిసారి ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిపింది 2024 డిసెంబర్ 17న, జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టినప్పుడు. తెర మీద అంకెలు వచ్చాక, బటన్ పడనివాళ్లకూ పొరపాటున నొక్కినవాళ్లకూ కాగితం చీటీలు పంచారు. ఫలితం ‘సవరణలకు లోబడి’ అని ప్రకటించడం అక్కడి ఆనవాయితీ.