కారు బ్రోషరే.. ఇంటర్వ్యూ గైడు!

కోర్ కంపెనీ ఇంటర్వ్యూ అనగానే చాలామంది పాత నోట్సు దుమ్ము దులుపుతారు. అది చదవాల్సిందే. దాంతోపాటు రోడ్డు మీద రోజూ కనిపించే ఓ చిన్న సెడాన్ బ్రోషర్ కూడా ముందేసుకోండి. 2024 నవంబరులో వచ్చిన కొత్త మారుతి డిజైర్‌నే తీసుకుందాం.

అంకెల వెనక పన్ను: పొడవు 3995 మి.మీ., ఇంజిన్ 1197 సీసీ. ఇవి ఊరికే వచ్చిన అంకెలు కావు. పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకపోతే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 18 శాతం, పెద్ద కార్లపై 40. అంటే డిజైన్‌కి హద్దు గీసింది పన్ను నిబంధనే!

మూడే సిలిండర్లు: పాత డిజైర్ పెట్రోల్ ఇంజిన్‌లో నాలుగుండేవి. ఒకటి తగ్గితే కదిలే భాగాలు, రాపిడి తగ్గుతాయి. మైలేజీకి మంచిది. మాన్యువల్‌కి కంపెనీ చెబుతున్నది లీటరుకు 24.79 కి.మీ. మరి నష్టం? వైబ్రేషన్లు ఎక్కువ. అవి క్యాబిన్‌లోకి రాకుండా చూడటమే ఎన్‌వీహెచ్ ఇంజినీర్ల పని. మెకానికల్ వాళ్లకి ఇదో మంచి కెరియర్.

భద్రత: ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకి 5 స్టార్లు తెచ్చుకున్న తొలి మారుతి కారిదే. ఈఎస్‌పీ ఏం చేస్తుంది? స్టీరింగ్ తిప్పిన దిశకీ, బండి నిజంగా తిరుగుతున్న తీరుకీ తేడా వస్తే, అవసరమైన చక్రానికే బ్రేకు వేస్తుంది. ఈసీఈ, ఈఈఈ వాళ్లు సెన్సర్ నుంచి బ్రేకు దాకా ఈ గొలుసును కాగితం మీద గీయగలగాలి.

360 డిగ్రీల కెమెరా: నాలుగు కెమెరాల దృశ్యాలను కలిపి ఒకే చిత్రంగా చూపడం ఇమేజ్ ప్రాసెసింగ్. సీఎస్‌ఈ వాళ్ల ఏరియా ఇది. అయితే ఇదీ, సన్‌రూఫూ టాప్ వేరియంట్‌లోనే ఇచ్చారు. ఏది అందరికీ, ఏది అదనపు ధరకి అన్నది కూడా ఇంజినీరింగ్ నిర్ణయమే.

ఇప్పుడు హోండా అమేజ్ బ్రోషర్ పక్కన పెట్టండి. అదీ 4 మీటర్లలోపే. కానీ నాలుగు సిలిండర్లు అలాగే ఉంచారు, ఏడాస్ కూడా ఇచ్చారు. ఒకే హద్దులో రెండు కంపెనీలు రెండు దారులు ఎందుకు పట్టాయి? జవాబు మీ మాటల్లో అర పేజీ రాయండి.

హ్యుందాయ్, జడ్‌ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 'కార్లంటే ఇష్టం సర్' అని అందరూ చెబుతారు. ఈ అర పేజీ రాసినవాళ్లు ఆ ఇష్టానికి రుజువు చూపించగలరు.