కచేరీ పార్కులో... పాఠం తెలుగులో

వేసవి సెలవులు ఇచ్చారంటే మన పిల్లలకు బడితోపాటు తెలుగు కూడా దూరమవుతుంది. చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు సొంతూళ్లకు వెళ్లేవారికి ఇబ్బంది లేదు. అక్కడ అవ్వాతాతలు ఉంటారు, మాట్లాడేవారు ఉంటారు. ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉండిపోయే పిల్లల సంగతే ఆలోచించాలి. అమ్మానాన్నలు పనికి పోతారు. పక్కింట్లో కన్నడమో, తమిళమో, హిందీనో మాట్లాడతారు. చేతిలో ఫోను ఉంటుంది. జూన్‌లో తరగతి మొదలయ్యాక చూస్తే, మార్చిలో తడబడకుండా చదివిన పిల్లలే ఒత్తుల దగ్గర ఆగిపోతుంటారు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ‘తెలుగు ఎక్కడెక్కడ వింటారు?’ అని తరగతిలో అడిగితే పిల్లల జవాబులు ఇల్లు, టీవీ, ఫోను దగ్గరే ఆగిపోతాయి. తెలుగంటే నాలుగు గోడల మధ్య మాట్లాడుకునేదన్న అభిప్రాయం వారిలో స్థిరపడుతోంది. నగరం నడిబొడ్డున, నలుగురిలో గౌరవంగా వినిపించే భాషగా తెలుగు వారికి పరిచయం కావడం లేదు. ఈ లోటు కొంతైనా తీర్చే దారి బెంగళూరులోనే ఉంది. దానికి ప్రవేశ రుసుము లేదు. అవే పార్కుల్లో జరిగే ఉచిత కచేరీలు.

ఎనిమిది పలకల మంటపం

కబ్బన్ పార్కు 1870లో ఏర్పడింది. అప్పటి మైసూరు రాష్ట్ర చీఫ్ ఇంజినీరు రిచర్డ్ శాంకీ దీన్ని తీర్చిదిద్దారు. 1927లో శ్రీ చామరాజేంద్ర పార్కు అని అధికారికంగా పేరు మార్చినా జనం నోట పాత పేరే నిలిచింది. పార్కులో ఎనిమిది పలకలతో, ఇనుప స్తంభాలతో ఒక మంటపం కనిపిస్తుంది. అదే బ్యాండ్‌స్టాండ్. బ్రిటిష్ కాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ బ్యాండు శనివారం సాయంత్రాల్లో ఇక్కడ పాశ్చాత్య సంగీతం వాయించేది. తర్వాతి కాలంలో మన సంగీతం, జానపదం కూడా ఈ మంటపం ఎక్కాయి. చెట్ల కింద గడ్డిమీద కూర్చుని ఎవరైనా వినవచ్చు. చెప్పులు ఎక్కడ విడవాలి, ఏ వరసలో కూర్చోవాలి అన్న బెరుకు ఉండదు. సంగీత సభ గడప తొక్కడానికి జంకే కుటుంబాలకు ఇదే పెద్ద సదుపాయం.

వేసవి సంగీతానికి బెంగళూరులో మరో చిరునామా చామరాజపేట. శ్రీరామ సేవా మండలి 1939 నుంచి శ్రీరామనవమి సంగీతోత్సవాలు నిర్వహిస్తోంది. ఎస్.వి. నారాయణస్వామిరావు ప్రారంభించిన ఈ ఉత్సవాల్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటివారు పాడారు. ఫోర్ట్ హైస్కూలు మైదానంలో వేసే పందిరే వేదిక. అంటే ఒక ప్రభుత్వ పాఠశాల ఆటస్థలమే ఏటా వేసవిలో కచేరీ వేదికగా మారుతోందన్నమాట. లోపల కూర్చోవడానికి టికెట్లు ఉంటాయి కాబట్టి దీన్ని ఉచితం అనలేం. అయితే పందిరి బయట, రోడ్డు పక్కన కూర్చుని వినే శ్రోతలు చామరాజపేటకు కొత్త కాదు.

పాట తెలుగు, పాడేది కన్నడిగులు

ఈ కచేరీలకు మన పిల్లలు ఎందుకు వెళ్లాలి? అక్కడ వినిపించే కీర్తనల్లో చాలావరకు తెలుగువే. పాడేవారిలో ఎక్కువమందికి తెలుగు ఇంటి భాష కాదు. కన్నడ విద్వాంసులు, తమిళ విద్వాంసులు కష్టపడి నేర్చుకుని, అర్థం తెలుసుకుని, ఉచ్చారణ దిద్దుకుని మన భాషలో పాడతారు. వందల మంది నిశ్శబ్దంగా వింటారు. ‘మన భాష కోసం వీళ్లు ఇంత శ్రమపడతారా’ అన్న ఆశ్చర్యం పిల్లవాడిలో ఒక్కసారి కలిగితే చాలు. ఆ పని పాఠ్యపుస్తకం చేయలేదు.

ఒక ఉదాహరణ చూడండి. ‘శంకరాభరణం’ సినిమా 1980లో వచ్చింది. అందులోని ‘బ్రోచేవారెవరురా’ కీర్తన తెలియని తెలుగు ఇల్లు అరుదు. చాలామంది దాన్ని త్యాగరాజ కీర్తన అనుకుంటారు. రాసింది మైసూరు వాసుదేవాచార్యులు. 1865లో మైసూరులో పుట్టి, అక్కడి ఆస్థాన విద్వాంసుడై, 1961లో కన్నుమూసిన కన్నడిగుడు. తిరువయ్యారులో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆయన కృతుల్లో అధికభాగం తెలుగులో, సంస్కృతంలో ఉన్నాయి.

బెంగళూరు నాగరత్నమ్మ కథ కూడా పిల్లలకు చెప్పదగ్గది. 1878లో నంజనగూడులో పుట్టిన ఆమె కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం ‘రాధికా సాంత్వనం’ పూర్తి పాఠాన్ని 1910లో అచ్చువేయించారు. తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజ సమాధి చోట తన సంపాదనతో మందిరం కట్టించారు. తెలుగు వాగ్గేయకారుడికి తమిళనాట గుడి కట్టిన మనిషి పేరు ముందు బెంగళూరు ఉంది. ఈ ఊళ్లో మనం పరాయివాళ్లమన్న భావన పిల్లలకు కలిగినప్పుడు చెప్పవలసిన కథ ఇది.

ఇచ్చిపుచ్చుకోవడం అటునుంచే కాదు. సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదటిరోజు చెప్పే సరళీ స్వరాల పాఠ క్రమం కర్ణాటకకు చెందిన పురందరదాసు ఏర్పరచినదే. ‘ప్రహ్లాద భక్తి విజయం’ రాస్తూ త్యాగరాజు ఆయనను భక్తితో స్మరించారు. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం ప్రతి పాఠశాలలోనూ కన్నడం బోధించాలి. మన పిల్లలూ నేర్చుకుంటున్నారు. కచేరీలో త్యాగరాజ కీర్తన పక్కనే దాసర పదం వింటే, రెండు భాషలూ ఒకే పందిట్లో ఇముడుతాయని వారికి వేరే చెప్పనక్కరలేదు.

పల్లవిలో ఉంది పాఠం

‘సాగదీసి పాడితే పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు కదా’ అని తోటి ఉపాధ్యాయులు అనవచ్చు. నిజమే, ఉత్తచేతులతో తీసుకెళ్తే అర్థం కాదు. కాస్త సిద్ధం చేసి తీసుకెళ్తే మాత్రం కచేరీ మంచి భాషా పాఠం అవుతుంది. పుస్తకంలోని పద్యాన్ని ఒకటి రెండుసార్లు చదువుతాం. కచేరీలో పల్లవి పదిసార్లయినా తిరిగి వస్తుంది. ప్రతిసారీ కొత్త సంగతితో వస్తుంది కాబట్టి విసుగు పుట్టదు. విన్న మాటే మళ్లీ మళ్లీ వినడం భాష నేర్చుకునే పిల్లలకు ఎంత అవసరమో టీచర్లకు తెలుసు.

మూడు చిన్న పనులు సూచిస్తాను.

మొదటిది, సంధి. పాటలో రాగం కోసం మాటను ఎక్కడో విరుస్తారు. దాన్ని సరిగ్గా కలిపి, వ్యాకరణం ప్రకారం విడదీయమనాలి. ‘బ్రోచేవారెవరురా’ను బ్రోచేవారు, ఎవరురా అని విడదీస్తే ఉత్వ సంధి చేతికి చిక్కుతుంది. బ్రోచు అంటే కాపాడు అని చెబితే ఒక పాత మాట వారి సొంతమవుతుంది.

రెండోది, ముద్ర. వాగ్గేయకారులు సాధారణంగా చివరి చరణంలో తమ ముద్ర వేస్తారు. త్యాగరాజు తన పేరే పెట్టుకుంటారు. పురందరదాసుది పురందర విఠల. క్షేత్రయ్యది మువ్వగోపాల. వాసుదేవాచార్యులది వాసుదేవ. ముద్ర వినపడగానే చెయ్యెత్తాలని ఆట పెడితే ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చివరిదాకా చెవులు రిక్కించి కూర్చుంటారు.

మూడోది, ఇంటికి వచ్చాక అయిదు వాక్యాలు. ఏం విన్నాను, ఏ వాయిద్యాలు చూశాను, ఏ మాట నచ్చింది అని రాయించాలి. తప్పులు దిద్దడం తర్వాత. ముందు రాయనివ్వాలి.

మన తరగతుల్లో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. కీర్తనల్లో భక్తి ఉంటుంది కాబట్టి ఎవరినీ బలవంతపెట్టకూడదు. మాటను మాటగా, సంగీతాన్ని సంగీతంగా పరిచయం చేస్తే చాలు. జానపదాలు, బ్యాండు మేళం ఉన్న రోజును ఎంచుకున్నా మంచిదే.

వెళ్లేవారికి

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కబ్బన్ పార్కుకు వెళ్లడం ఇదివరకు సగం రోజు పని. 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ మొదలయ్యాక సులువైంది. ఆర్‌.వి. రోడ్డులో గ్రీన్ లైన్‌కు, మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కు మారాలి. అక్కడి నుంచి మూడో స్టేషన్ కబ్బన్ పార్కు. కుటుంబమంతా వెళ్తే మెట్రో చార్జీలు కూలి చేసుకునేవారికి భారమే. ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉన్న మహిళలకు బీఎంటీసీ సాధారణ బస్సుల్లో శక్తి పథకం కింద ప్రయాణం ఉచితం. ఆంధ్ర చిరునామాతో ఉన్నవారికి అది వర్తించదు. అలాంటి కుటుంబాల పిల్లలను బడి తరఫున తీసుకెళ్లే ఏర్పాటు చేయగలిగితే మేలు.

కచేరీలు ప్రతి వారం ఉంటాయని అనుకోవద్దు. పత్రికల్లో నగర కార్యక్రమాల వివరాలు చూసి బయలుదేరండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో ఉన్నట్టుండి ఉరుములతో వాన పడుతుంది. ఉదయం కచేరీ దొరికితే అదే మేలు. లేదంటే గొడుగు మరవద్దు. ఉరిమేటప్పుడు చెట్ల కింద ఉండకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. ప్రతి పిల్లవాడి జేబులో పేరు, అమ్మానాన్నల ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. ఆదివారాల్లో కబ్బన్ పార్కు లోపలి రోడ్లపైకి వాహనాలను వదలరు. పిల్లలతో నడవడానికి ఆ రోజు నిశ్చింత.

దగ్గరి పార్కు చాలదా?

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం 1965 నుంచి వేసవిలో నగరంలోని వేర్వేరు పార్కులకు వెళ్లి ఉచితంగా వాయిస్తోంది. జనం సభకు రాలేకపోతే సభే జనం దగ్గరికి వెళ్లాలన్నది అందులోని ఆలోచన. అది పెద్ద బృందాలకే సాధ్యం కానక్కరలేదు. ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల లేఅవుట్లలో చిన్న పార్కులు ఉన్నాయి. సంగీతం నేర్చుకున్న తల్లి ఒకరు, మృదంగమో కంజీరో వాయించే కుర్రవాడు ఒకడు, పాడగలిగే పిల్లలు పదిమంది ఉంటే ఒక ఆదివారం ఉదయం గంటసేపు కార్యక్రమం జరుగుతుంది. మైకు వద్దు. పార్కు నిర్వహణ చూసేవారి అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. రెండు తెలుగు పాటలు, రెండు కన్నడ పాటలు పెట్టండి. కన్నడ ఇరుగుపొరుగును పిలవండి.

జూన్‌లో అడ్మిషన్ల సమయంలో చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, ‘తెలుగు చదివి ఏం లాభం సార్?’ అని. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఆ సౌకర్యం నిలవాలంటే బెంచీలమీద పిల్లలు ఉండాలి. తల్లిదండ్రుల ప్రశ్నకు నేను ఉద్యోగాల లెక్క చెప్పలేను. ఈ సెలవుల్లో ఒక్కసారి మీ బిడ్డను పార్కు కచేరీకి తీసుకెళ్లి, తెలుగు రాని గాయకులు ఆ భాషను ఎంత శ్రద్ధగా పలుకుతారో విననివ్వండి. తెలుగు విభాగంలో ఉంచాలా, మార్చాలా అన్న నిర్ణయం ఆ తర్వాత తీసుకోండి.